ఓడకు రేవులెన్నో, కలాసీకి ఒక్కటే

2010 ఏప్రిల్ నెలాఖరు. గ్రీసు రాజధాని ఏథెన్సును ఆనుకుని ఉన్న పిరేయస్ ఓడరేవులో దాదాపు వెయ్యిమంది ప్రయాణికులు పెట్టెలు చేత పట్టుకుని నిలబడిపోయారు. వారు ఎక్కవలసిన విహార నౌక 'జెనిత్' ఎదురుగానే ఉంది. టికెట్లకు పూర్తి సొమ్ము చెల్లించారు. సముద్రం ప్రశాంతంగానే ఉంది, ఓడ యంత్రాలలో లోపమూ లేదు. అయినా ఎక్కడానికి దారి లేదు. నావికుల, రేవు కార్మికుల సంఘాల వారు ఓడ మెట్ల ముందు బారులు తీరి నిలబడ్డారు. ఆ రోజు సమ్మె.

కార్మికుల ఆగ్రహం ఆ ప్రయాణికుల మీద కాదు. అప్పటివరకు గ్రీసు రేవులలో ప్రయాణికులను ఎక్కించుకుని, దీవులన్నీ చుట్టి, తిరిగి అక్కడే దించే విహార యాత్రలు నడిపే హక్కు యూరోపియన్ యూనియన్ దేశాల జెండా ఎగరేసిన ఓడలకే ఉండేది. అప్పుల ఊబిలో కూరుకుపోయిన గ్రీసు ప్రభుత్వం పర్యాటక రాబడి పెరుగుతుందన్న ఆశతో ఆ నియమాన్ని సడలించి, ఇతర దేశాల జెండాలకూ తలుపులు తెరవడానికి సిద్ధపడింది. అదే జరిగితే తక్కువ జీతానికి దొరికే విదేశీ సిబ్బంది ముందు తమ ఉద్యోగాలు నిలవవని గ్రీకు నావికులు భయపడ్డారు. విచిత్రం ఏమిటంటే, జెనిత్ ఎగరేసినది మాల్టా జెండా. మాల్టా యూరోపియన్ యూనియన్ సభ్యదేశమే. అంటే పాత నియమం ప్రకారం కూడా ఆ ఓడకు పిరేయస్‌లో ప్రయాణికులను ఎక్కించుకునే హక్కు ఉంది. రాబోయే చట్టంపై కోపం అప్పటికే రేవులో ఉన్న ఓడ మీద పడింది.

ఆ ఏడాదే గ్రీసు పార్లమెంటు చట్టాన్ని సవరించింది. కార్మికుల భయం మాత్రం అంతటితో తీరలేదు. అంతకు ముందే, 2009లో, అదే రేవులోని సరుకు టెర్మినల్ నిర్వహణ ఒక చైనా సంస్థ చేతికి వెళ్లింది. 2016లో ఆ సంస్థ పిరేయస్ పోర్టు సంస్థలో 51 శాతం వాటానే కొనేసింది. తాతల కాలం నుంచి తాళ్లు పట్టి లాగిన రేవు తమ కళ్లెదుటే యజమానిని మార్చుకోవడం ఆ కార్మికులు చూశారు.

ఇటువంటి సంఘటన జరిగినప్పుడు పత్రికలలో సాధారణంగా కనిపించే శీర్షిక 'ప్రయాణికుల ఇక్కట్లు'. ఇక్కట్లు నిజమే. అయితే ఆ ఇక్కట్ల వెనుక ఒక ఒప్పందం ఉంటుంది. దానికి ఇరువైపులా మనుషులు ఉంటారు. ఒప్పందాలకు కట్టుబడి ఉండమన్న ఆదేశంతో దివ్య ఖుర్‌ఆన్‌లోని ఒక సూరా, మాయిదా, మొదలవుతుందని ఎరిగిన మనం ఆ ఒప్పందాన్ని కొంచెం దగ్గరగా చూడవలసి ఉంది.

ఒక్క పగలు, పదకొండు వేల పెట్టెలు

విహార నౌకలకు రెండు రకాల రేవులు ఉంటాయి. ఒకటి, మధ్యలో కొద్ది గంటలు ఆగి ఊరు చూపించే రేవు. రెండోది, ప్రయాణం మొదలై ముగిసే రేవు. మొదటి దానిలో సమ్మె జరిగితే కప్పితాను ఆ ఊరు వదిలేసి ముందుకు సాగిపోతాడు. ప్రయాణికులు ఒక రోజంతా నీళ్లనే చూస్తూ గడుపుతారు. రెండో దానిలో సమ్మె జరిగితే మాత్రం మొత్తం ప్రయాణమే తలకిందులవుతుంది.

కారణం తెలియాలంటే ఆ రేవులో ఒక పగలు ఏమి జరుగుతుందో చూడాలి. ఓడ తెల్లవారుజామున వచ్చి గట్టుకు చేరుతుంది. ముంజేయంత లావు తాళ్లను అందుకుని ఇనుప దిమ్మెలకు చుట్టేవారు రేవు మనుషులు. ఆ తరువాత పాత ప్రయాణికులు దిగుతారు. వారి పెట్టెలు ఇనుప బోనులలో కిందికి వస్తాయి. మరోవైపు లారీలలో వచ్చిన బియ్యం, పిండి, కూరగాయలు, పాలు, గుడ్లు, పండ్లు ఓడ పొట్టలోకి వెళ్తుంటాయి. చెత్త బయటికి వస్తుంది. మధ్యాహ్నం నుంచి కొత్తవారు ఎక్కడం మొదలవుతుంది. సాయంత్రానికి తాళ్లు విప్పాలి. 2024 జనవరిలో అమెరికాలోని మయామి నుంచి ప్రయాణాలు ప్రారంభించిన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' అనే నౌకలో గదికి ఇద్దరు చొప్పున లెక్కేస్తేనే 5,600 మంది ప్రయాణికులు పడతారు. సిబ్బంది మరో 2,350 మంది. మనిషికి ఒక్క పెట్టె అనుకున్నా, దిగేవి 5,600, ఎక్కేవి 5,600. ఒక్క పగటిలో 11,200 పెట్టెలు చేతులు మారాలి. మనిషికి ఒక్క పెట్టెతో సరిపెట్టుకునే కుటుంబం ఎక్కడైనా ఉంటే వారికి నా సలాములు.

ఈ పనులలో చాలా భాగాన్ని అనేక రేవులలో ఓడ సిబ్బంది చేయడానికి వీలుండదు. అది రేవు కార్మికుల పని. ఒప్పందాలు వారికిచ్చిన హక్కు. అందుకే రేవులో చేతులు ఆగితే, సముద్రంలో ఎంతటి ఓడ అయినా ఆగుతుంది.

అటువంటప్పుడు ఓడ కంపెనీ ముందున్న దారి మరో రేవు చూసుకోవడం. అది అంత తేలిక కాదు. కొత్త రేవులో అంత పొడవైన ఓడకు గట్టు ఖాళీగా దొరకాలి. సరుకులు అక్కడికి మళ్లించాలి. వేలాదిమంది ప్రయాణికుల విమాన టికెట్లు మారాలి. కొన్నిచోట్ల చట్టమే అడ్డు వస్తుంది. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి నేటికీ అమలులో ఉంది. దాని ప్రకారం విదేశీ జెండా గల ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికులను, నడుమ దూరదేశపు రేవును తాకకుండా, మరో అమెరికా రేవులో దించితే జరిమానా. పేరొందిన విహార నౌకలలో అత్యధికం బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా వంటి దేశాల జెండాలతోనే తిరుగుతాయి గనుక, ఎక్కే రేవు మార్చే ముందు న్యాయవాదులను కూడా సంప్రదించవలసి వస్తుంది.

ఇన్ని చిక్కులు దాటి ఒక ఓడ రేవు మార్చుకుందంటే, మరుసటి వారమే తిరిగి రాదు. కంపెనీలు యాత్రల పట్టికను ఏడాది, రెండేళ్లు ముందుగానే తయారు చేసుకుంటాయి. కొత్త రేవుతో ఒప్పందం కుదిరాక పాత రేవు ఒకటి రెండు సీజన్లు ఖాళీగానే ఉంటుంది. సమ్మె ముగిసి, కార్మికులు పనిలోకి తిరిగి వచ్చేసరికి ఎదురుగా నీళ్లు మాత్రమే ఉంటాయి. వారితో పాటు టాక్సీ నడిపేవారు, కూరగాయలు సరఫరా చేసేవారు, చిన్న హోటళ్లవారు కూడా ఆ నీళ్లనే చూస్తూ కూర్చుంటారు.

ఓడ జెండా మార్చుకోగలదు. సిబ్బందిని ఫిలిప్పీన్స్ నుంచో ఇండోనేషియా నుంచో మన దేశం నుంచో తెచ్చుకోగలదు. రేవు మార్చుకోగలదు. కలాసీ తన ఇల్లు, పిల్లల బడి, ముసలి తల్లిదండ్రులను ఎత్తుకుని మరో రేవుకు వెళ్లలేడు. అతని బలం అంతా ఆ ఓడ గట్టుకు ఆనుకుని ఉండే పన్నెండు గంటలలోనే ఉంది. అందువల్లనే అతడు ఆ పన్నెండు గంటలనే ఎంచుకుంటాడు. అందువల్లనే దానికి బలయ్యేది వివాదంతో సంబంధం లేని ప్రయాణికుడు.

రంగూన్ రేవులో మనవాళ్లు

ఈ సంగతులన్నీ గ్రీసువి, అమెరికావి అనుకుంటే పొరపాటు. రేవు కూలీ కథలో అతి చేదు అధ్యాయాలలో ఒకటి తెలుగువారిదే.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో కాకినాడ, విశాఖ తీరాల నుంచి ఓడలెక్కి వేలాదిమంది తెలుగువారు బర్మా వెళ్లేవారు. కాకినాడ దగ్గరి కోరంగి పేరు మీద అక్కడ వారిని 'కొరంగీలు' అని పిలిచేవారు. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసిన వీపులలో అధికభాగం వారివే. 1931 జనాభా లెక్కలనాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే ఉన్నారంటే ఆ వలస ఎంతటిదో ఊహించవచ్చు. పని ఇప్పించేది మేస్త్రీ. కూలి పంచేదీ అతడే. కూలీ చేతికి వచ్చేసరికి అందులో ఎంత మిగిలేదో అతడి దయ.

1930 మే నెలలో ఈ తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మెకు దిగారు. సరుకు ఎగుమతి దిగుమతుల కంపెనీలు కూలి పెంచడానికి బదులు, పనిలేక ఉన్న బర్మా వారిని తెచ్చి ఆ పనిలో పెట్టాయి. కొన్నాళ్లకు రాజీ కుదిరింది. మే 26న తెలుగు కూలీలు తిరిగి పనిలోకి వచ్చారు. అప్పటిదాకా పని చేసిన బర్మా కూలీలను ఇక వెళ్లిపొమ్మన్నారు. ఆ ఉదయం రేవులో రెండు వర్గాల నడుమ రేగిన గొడవ నగరమంతా పాకింది. కొద్ది రోజులలో వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవారిలో ఎక్కువమంది భారతీయులు, వారిలోనూ ముఖ్యంగా తెలుగు కూలీలు. ప్రాణభయంతో చాలామంది తిరుగు ఓడ ఎక్కారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. కత్తులు దూసుకున్నది కూలీ, కూలీ. తక్కువ కూలికి ఒకరి స్థానంలో ఒకరిని నిలబెట్టి, అవసరం తీరాక రెండో వాడినీ వీధిలోకి నెట్టినవారు ఆ దొమ్మీలో ఎక్కడా లేరు. ఇరువురితోనూ ఏ ఒప్పందమూ స్పష్టంగా చేసుకోకపోవడం వారికి లాభసాటి అయింది.

మద్యన్ నుంచి మక్కా వరకు

కూలి ఒప్పందం ఎలా ఉండాలో దివ్య ఖుర్‌ఆన్ ఒక కుటుంబ కథలో చూపించింది. ఖసస్ సూరాలో మూసా (అలైహిస్సలాం) ఫిరౌన్ మనుషుల నుంచి తప్పించుకుని, చేతిలో చిల్లిగవ్వ లేక మద్యన్ చేరుకుంటారు. బావి దగ్గర ఇద్దరు యువతుల గొర్రెలకు నీళ్లు పడతారు. ఆ యువతుల వృద్ధ తండ్రి ఆయనను పిలిపించింది నీళ్లు పట్టినందుకు ప్రతిఫలం ఇవ్వడానికే. ఆ తరువాత ఎనిమిదేళ్ల పని ఒప్పందం కుదురుతుంది. పదేళ్లు పూర్తి చేస్తే అది మూసా (అ) ఔదార్యం. ఆ పెద్దమనిషి మరో మాట కూడా చెబుతాడు: నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదని. మూసా (అ) కూడా గడువుల విషయంలో తనపై ఒత్తిడి ఉండరాదని స్పష్టం చేసుకుని, అల్లాహ్‌ను సాక్షిగా నిలుపుతారు. పని ఏమిటి, గడువు ఎంత, ప్రతిఫలం ఏమిటి, ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్నీ ముందే తేలిపోయాయి. మన ధర్మవేత్తలు 'ఇజారా' అధ్యాయంలో శతాబ్దాలుగా చర్చించినది ఈ స్పష్టతనే.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా మక్కావాసుల గొర్రెలను కూలికి కాచినవారు. పనివాని చెమట ఆరకముందే కూలి ఇచ్చేయమని చెప్పారు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగవేసిన వానికి ప్రళయదినాన ప్రతివాదిగా నిలిచేది అల్లాహ్‌యే అని హెచ్చరించారు. శక్తికి మించిన పని అప్పగించవద్దని, అప్పగిస్తే మీరూ చేయి వేయమని బోధించారు. (ముప్పై కిలోలకు మించిన పెట్టెకు తాళం వేసేటప్పుడు ఈ చివరి మాట గుర్తుకు రావాలి. దానిని ఎత్తేది మనం కాదు.)

బలహీనులు ఒక్కొక్కరుగా తమ హక్కు రాబట్టుకోలేనప్పుడు ఏమి చేయాలి? దీనికి ప్రవక్త జీవిత చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. ఆయన యువకుడిగా ఉన్న రోజులలో యెమెన్‌లోని జబీద్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి సరుకును మక్కా పెద్దలలో ఒకడైన ఆస్ బిన్ వాయిల్ తీసుకుని సొమ్ము ఎగవేశాడు. పరాయి ఊరివాడికి దిక్కెవరు? అతడు కాబా దగ్గర నిలబడి మొరపెట్టుకున్నాడు. అప్పుడు కొన్ని వంశాల వారు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమై, అన్యాయానికి గురైనవాడు ఎవరైనా సరే, అతని హక్కు అతనికి దక్కేవరకు అందరం ఒక్కటిగా నిలుస్తామని ప్రమాణం చేశారు. అదే 'హిల్ఫుల్ ఫుజూల్'. ప్రవక్త (స) ఆ సమావేశంలో ఉన్నారు. ఇస్లాం వచ్చిన తరువాత కూడా అటువంటి ఒప్పందానికి ఎవరు పిలిచినా స్పందిస్తానని అన్నారు. బాకీ సొమ్ము రాబట్టడానికి మనుషులు ఒక్కటవడం మన చరిత్రకు పరాయి విషయం కాదు.

అలాగని ప్రతి సమ్మె ధర్మబద్ధమని దీని అర్థం కాదు. నేటి ముస్లిం పండితుల మధ్య ఈ విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. గడువు ముగియని ఒప్పందాన్ని ఏకపక్షంగా ఆపివేయడం, ఆస్తిని ధ్వంసం చేయడం, సంబంధం లేనివారిని బాధించడం తగదన్న అభిప్రాయం బలమైనది. నా దృష్టిలో పిరేయస్‌లో జెనిత్‌ను అడ్డుకోవడం ఈ చివరి తప్పిదమే. వారి భయం న్యాయమైనది. మెట్ల ముందు నిలబడి వారు ఆపింది మాత్రం ఆ భయానికి కారకులైన వారిని కాదు.

కహఫ్ సూరాలోని ఓడ సంఘటన ఈ సందర్భంలో మళ్లీ మళ్లీ గుర్తుకు వస్తుంది. మూసా (అ)తో కలిసి ప్రయాణిస్తున్న ఆ జ్ఞాని తాము ఎక్కిన ఓడకే రంధ్రం చేస్తాడు. చూడడానికి అది ఘోరం. అది సముద్రంలో శ్రమించి బతికే పేదల ఓడ అని, మంచి ఓడలన్నిటినీ బలవంతంగా లాక్కునే రాజు బారి నుంచి దానిని కాపాడడానికే అలా చేశానని తరువాత వివరిస్తాడు. ఓడ యజమానులై ఉండి కూడా వారు ఖుర్‌ఆన్ దృష్టిలో పేదలే. ఎవరు పేద అన్న ధర్మశాస్త్ర చర్చలో పండితులు ఈ ఆయతును ఆధారంగా తీసుకున్నారు. ఒంటి మీద యూనిఫాం ఉన్నవాడు, నెలజీతం ఉన్నవాడు పేద ఎలా అవుతాడని అడిగేవారికి ఇది ఆలోచింపజేసే విషయం. అయితే ఆ జ్ఞాని చేసిన పని దైవాదేశంతో చేసినది. పరాయివారి ఓడకు రంధ్రం చేయడానికి మరెవరికీ ఆ అనుమతి లేదు.

ముందే బయలుదేరిన కుటుంబాల కోసం

ప్రయాణికులను మినహాయించి పోరాడడం సాధ్యమేనా? సాధ్యమేనని ఇటీవలి రెండు సమ్మెలు చూపించాయి.

2023 జూలైలో కెనడా పశ్చిమ తీరంలోని బ్రిటిష్ కొలంబియా రేవులలో సుమారు 7,400 మంది కార్మికులు సమ్మె చేశారు. సరుకు ఓడలు రోజుల తరబడి నిలిచిపోయాయి. విహార నౌకల పని మాత్రం చేస్తామని సంఘం ముందే ప్రకటించింది. అది అలాస్కా యాత్రల కాలం. వాంకూవర్ నుంచి ఆ నౌకలు యథావిధిగా కదిలాయి.

2024 అక్టోబర్ 1న అమెరికా తూర్పు తీరం, మెక్సికో సింధుశాఖ రేవులలో సమ్మె మొదలైంది. మెయిన్ నుంచి టెక్సాస్ వరకు 36 రేవులు, దాదాపు 45,000 మంది కార్మికులు. ఆ సంఘం ఇంత విస్తృతంగా సమ్మె చేయడం 1977 తరువాత అదే మొదటిసారి. గొడవ రెండు విషయాల మీద. ఒకటి వేతనం. రెండోది, తమ పనిని యంత్రాలు మింగేస్తాయన్న భయం. అప్పుడు కూడా కార్మిక సంఘం సైనిక సరుకునూ విహార నౌకలనూ సమ్మె నుంచి మినహాయించింది. ఎన్నో నెలల ముందే సొమ్ము కట్టి సెలవుల ప్రయాణం నిర్ణయించుకున్న కుటుంబాలను ఇబ్బంది పెట్టబోమన్నది వారు చెప్పిన కారణం. ఓడలు రేవు మార్చుకోవలసిన అవసరం రాలేదు. మూడు రోజులకే వేతనంపై రాజీ కుదిరింది: ఆరేళ్లలో 62 శాతం పెంపు, అంటే గంటకు 39 డాలర్ల నుంచి 63 డాలర్లకు. యంత్రాల సంగతి 2025 జనవరిలో తేలింది.

ఈ మినహాయింపులో స్వప్రయోజనం లేదని అనలేము. ప్రజల సానుభూతి సమ్మెకు సగం బలం; ఓడ వేరే రేవుకు వెళ్లిపోతే తమకే నష్టమన్న లెక్క కూడా ఉండే ఉంటుంది. ఉండనివ్వండి. మూడో వ్యక్తిని బాధించకపోవడం లెక్క చూసుకుని చేసినా మంచిదే.

మధ్యవర్తిత్వం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1889లో లండన్ రేవు కూలీలు గంటకు ఆరు పెన్నీల కూలి కోసం ఐదు వారాలు సమ్మె చేసినప్పుడు, యజమానులనూ కూలీలనూ ఒకచోట కూర్చోబెట్టి రాజీ కుదర్చడంలో ముఖ్యపాత్ర వహించినది ఎనభై ఏళ్ల వయసు దాటిన ఒక మతాచార్యుడు, కార్డినల్ మానింగ్. తగవుపడిన రెండు వర్గాల మధ్య న్యాయంగా సంధి చేయమని హుజురాత్ సూరాలో మనకు ఆజ్ఞ ఉంది. మన ఊళ్లలోని హమాలీల తగవులలో మన మసీదు కమిటీలు చివరిసారిగా ఎప్పుడు కూర్చున్నాయో గుర్తు చేసుకుందాం.

టికెట్టు వెనుక చిన్న అక్షరాలు

విహార నౌకలలోని జూదశాలలు, మద్యం, నృత్య కార్యక్రమాల దృష్ట్యా ముస్లిం కుటుంబాలు వాటికి వెళ్లడం ఎంతవరకు సబబన్నది వేరే చర్చ. దుబాయి, సింగపూర్ వంటి చోట్ల నుంచి, అమెరికాలో స్థిరపడిన పిల్లలతో కలిసి, మనవాళ్లు ఈ నౌకలు ఎక్కుతున్న మాట వాస్తవం. వెళ్లేవారు కొన్ని విషయాలు తెలిసి వెళ్లడం మేలు.

టికెట్టుతో పాటు వచ్చే ప్రయాణ ఒప్పందాన్ని చదివేవారు అరుదు. సమ్మె, లాకౌట్, వాతావరణం వంటి కారణాలతో రేవులను మార్చే, వదిలివేసే హక్కు పెద్ద కంపెనీలన్నీ అందులో తమకే ఉంచుకుంటాయి. మధ్య రేవు తప్పిపోతే పరిహారం అడిగే అవకాశం చాలావరకు ఉండదు. ముస్లింలు తాము అంగీకరించిన షరతులకు కట్టుబడి ఉంటారన్నది ప్రవక్త (స) బోధ. చదవకుండా సంతకం చేసినా షరతు షరతే. కాబట్టి సంతకానికి ముందే చదవాలి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి అన్నిటికంటే పెద్ద చిక్కు వీసా. ఎక్కే రేవు ఏథెన్సు నుంచి ఇస్తాంబుల్‌కు మారిందనుకోండి. యూరోపు పౌరుడు విమానం మార్చుకుంటే సరిపోతుంది. మనకు తుర్కియే అనుమతి కావాలి. ఒకే ప్రవేశానికి ఇచ్చిన షెంగెన్ వీసా అయితే, ఒకసారి ఆ ప్రాంతం దాటి బయటికి వెళ్లాక తిరిగి అడుగు పెట్టడానికి పనికిరాదు. అందుకే వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే బహుళ ప్రవేశం అడగాలి. ఓడ బయలుదేరే రోజు ఉదయానికి చేరే విమానం కన్నా ముందు రోజు చేరే విమానం మంచిది. విమానం టికెట్టు ఓడ కంపెనీ ద్వారానే తీసుకుంటే రేవు మారినప్పుడు దానిని మార్చే భారం చాలావరకు వారిదవుతుంది. విడిగా కొంటే మనదే. ప్రయాణ బీమా తీసుకునేవారు, సమ్మె వార్త బయటికి వచ్చాక కొన్న పాలసీ ఆ సమ్మెకు సాధారణంగా వర్తించదని గుర్తుంచుకోవాలి. పెద్దవారి మందులు, ఒక జత బట్టలు, జానమాజ్ చేతి సంచిలోనే పెట్టుకోవాలి. పెద్ద పెట్టె ఏ రేవులో ఎన్ని గంటలు నిలుస్తుందో చెప్పలేము.

రేవులో కాలం గడపడం మన పెద్దలకు కొత్త కాదు. 1932 నాటి చట్టం బొంబాయి, కరాచీ, కలకత్తాలలో హజ్ యాత్రికుల కోసం పోర్టు హజ్ కమిటీలను ఏర్పాటు చేసింది. ఆ మూడే యాత్రికులు ఓడ ఎక్కే ప్రధాన రేవులు. దేశ విభజన తరువాత కరాచీ పాకిస్తాన్‌లో ఉండిపోయింది. తెలుగు నేల నుంచి వెళ్లే హాజీలు రైలెక్కి బొంబాయి చేరి, ముసాఫిర్‌ఖానాలలో ఓడ కోసం ఎదురుచూసేవారు. జిద్దా చేరడానికి పన్నెండు నుంచి పదిహేను రోజులు పట్టేది. 1995తో ఆ ఓడ ప్రయాణం ఆగిపోయింది. ఆ కాలపు హాజీ పెట్టెలు ఇప్పటికీ కొన్ని ఇళ్ల అటకల మీద ఉన్నాయి. రేకు పెట్టె మీద తెల్లరంగుతో పేరు, ఊరు. దానిని బొంబాయి గట్టు మీద ఎత్తి ఓడలో పెట్టిన మనిషి పేరు మాత్రం ఎక్కడా రాసి ఉండదు. ఆ రేవు కూలీలకు 1948 వరకు పని ఏ రోజుకా రోజే. పిలుపు వస్తే కూలి, లేకపోతే పస్తు. ఆ ఏడాది వచ్చిన రేవు కార్మికుల ఉపాధి నియంత్రణ చట్టంతో పెద్ద రేవులలో కార్మిక బోర్డులకు దారి ఏర్పడింది. కార్మికుల పేర్లు నమోదు చేసుకుని, పని లేని రోజుకు కూడా హాజరు భత్యం ఇచ్చే పద్ధతి మొదలైంది.

ఇప్పుడు విశాఖలో కూడా విహార నౌకలు ఆగుతున్నాయి. 2022 జూన్‌లో 'కార్డేలియా' నౌక చెన్నై నుంచి అక్కడికి వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన విహార నౌకల టెర్మినల్ ప్రారంభమైంది. మరుసటి ఏడాది, 2024 ఆగస్టు 28 నుంచి దేశంలోని పెద్ద రేవులన్నిటిలో నిరవధిక సమ్మెకు కార్మిక సమాఖ్యలు పిలుపునిచ్చాయి. వేతన సవరణ రెండున్నరేళ్లుగా పెండింగులో ఉండడమే కారణం. విశాఖ కూడా ఆ జాబితాలో ఉంది. సమ్మెకు ఒక రోజు ముందు, 27న, యాజమాన్యాలు, సమాఖ్యలు ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఎనిమిదిన్నర శాతం పెంపు, 2022 జనవరి 1 నుంచి వర్తింపు. ఏ ఓడా రేవు మార్చుకోలేదు, ఏ పెట్టే గట్టు మీద నిలిచిపోలేదు. ఆ ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 31తో ముగుస్తుంది.